కొండవాలులో ఇల్లు కట్టుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు వైపు ఉదయగిరి, సీతారామపురం, రాపూరు దగ్గర వెలిగొండల పాదంలోనూ, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల గుట్టల దగ్గరా సొంతిల్లు కట్టుకోవాలనే కుటుంబాలు ఇళ్ళ ప్లాన్లు గీసే నా దగ్గరికి వస్తుంటాయి. ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళూ, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక తిరిగొద్దామనుకునేవాళ్ళూ అడిగేవి దాదాపు అవే అనుమానాలు. వాటిని వాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇంటి కోసం కొండను కోయకూడదని, వాలుకు తగ్గట్టు ఇంటినే అంచెలుగా దించుకోవాలని నా గట్టి అభిప్రాయం. కింద చెప్పినవన్నీ అందులోంచి వచ్చినవే.

## స్థలం కొనే ముందు

కొండ కింద అరెకరం చవగ్గా వస్తోంది. ఎండాకాలంలో చూసొచ్చాం, బాగుంది. అడ్వాన్సు ఇచ్చేయొచ్చా?

కార్తీకం దాకా ఆగగలిగితే ఆగండి. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనూ, వాటి వెంట వచ్చే తుపానులతోనూ పడతాయి. మే నెలలో మెత్తగా, చదునుగా, ఇల్లు ఇక్కడే పెట్టాలి అనిపించే పల్లమే నవంబరులో పారే వంక కావచ్చు. 2020 నవంబరులో నివర్ తుపాను, ఆ మరుసటి నవంబరులో కురిసిన వానలు నెల్లూరు జిల్లాలో ఏళ్ళ తరబడి జనం మరిచిపోయిన దారుల్లోంచి నీళ్ళు పారించాయి.

ఆగే వీలు లేకపోతే నేల మీది గుర్తులు చదవండి. గుండ్రంగా అరిగిన గులకరాళ్ళు ఒక పట్టెలా పరుచుకుని ఉన్నా, పెద్ద రాళ్ళకు దిగువన సన్న ఇసుక పేరుకుని ఉన్నా, కంపచెట్ల మొదళ్ళకు ఎండుగడ్డి, చెత్త ఒకే వైపు చుట్టుకుని ఉన్నా అది నీటి దారే. ఆ చెత్త ఎంత ఎత్తులో ఇరుక్కుందో చూస్తే వరద ఎత్తు తెలుస్తుంది. ఆ కొండ మీద గొర్రెలు, మేకలు తోలేవాళ్ళను తప్పకుండా అడగండి. ఏ వాగు ఏ వానకు పొంగుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పలేదు.

పట్టా ఉందంటున్నారు. ఇంకేం చూడాలి?

కొండ పక్క భూముల్లో చిక్కులన్నీ హద్దుల దగ్గరే ఉంటాయి. అడంగల్, 1-బి రికార్డులు తీసుకున్నాక, పొలం హద్దుల కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ కూడా తీయించి, సర్వే నంబరులో కొండ పోరంబోకు గానీ, వాగు పోరంబోకు గానీ కలిసి ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఏ నిషేధిత జాబితా చూడాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా అయితే అది 1977 అసైన్డ్ భూముల చట్టం కిందికి వస్తుంది, కాబట్టి అమ్మేవాళ్ళ మాట మీద పోకుండా వకీలుకు చూపించండి. పాత రికార్డులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు మాత్రమే ఉన్న చుక్కల భూములు కూడా మన వైపు ఉన్నాయి.

పక్కన రిజర్వు ఫారెస్టు ఉంటే అటవీ శాఖ, రెవెన్యూ శాఖ కలిసి సర్వే చేసి హద్దు చూపించేదాకా డబ్బు కట్టొద్దు. పెంచలకోన చుట్టూ శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. మార్కాపురం, గిద్దలూరు పడమటి అంచున నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అలాంటి అడవుల చుట్టూ నిర్మాణాలకు విడిగా నిబంధనలు ఉంటాయి. వాటిని డివిజనల్ ఫారెస్టు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

అంకణాల లెక్కన చెప్తున్నారు. వాలు నేలలో విస్తీర్ణం ఎట్టా కొలుస్తారు?

నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, సెంటుకు సుమారు ఆరు. రికార్డులో విస్తీర్ణం ఎప్పుడూ అడ్డంగా, అంటే పైనుంచి చూస్తే కనిపించే కొలత. టేపును వాలు వెంట నేల మీద పరిచి కొలిస్తే ఎక్కువ వస్తుంది. అడ్డంగా మూడడుగులకు ఒకడుగు దిగే వాలులో నేల మీద వంద అడుగులు కొలిచినా అడ్డంగా ఉన్నది 95 అడుగులే. టేపును బిగుతుగా, మట్టంగా పట్టించి కొలిపించుకోండి.

ఎంత వాలు దాకా ఇల్లు కట్టొచ్చు?

పదడుగులకు ఒకడుగు దిగే నేల దాదాపు చదును కిందే లెక్క, పునాది కొంచెం ఎత్తు తేడాలతో సర్దుకోవచ్చు. అయిదడుగులకు ఒకడుగు అంటే ఇంటిని అరంతస్తుల చొప్పున దించుకోవాలి, ఇలాంటి స్థలంలోనే అందమైన ఇళ్ళు వస్తాయి. మూడడుగులకు ఒకడుగు దిగితే స్ట్రక్చరల్ ఇంజనీరు లేకుండా ఒక్క రాయీ కదపొద్దు. అంతకంటే ఏటవాలైన భాగాన్ని చెట్లకు వదిలేసి, అదే స్థలంలో మెత్తటి వాలు ఎక్కడుందో వెతుకుదాం.

వాలు తెలుసుకోవడానికి మేస్త్రిల దగ్గరుండే నీళ్ళ గొట్టం చాలు. పైనొకరు, కిందొకరు కర్రలు పట్టుకుని గొట్టంలో నీటి మట్టం చూస్తే ఎత్తు తేడా తెలిసిపోతుంది.

కొండ నిలకడగా ఉందో, జారేదో మాకెట్టా తెలుస్తుంది?

వెలిగొండల్లోనూ, మార్కాపురం వైపూ గట్టి రాతి పొరల మధ్య పలక లాంటి మెత్తటి పొరలు ఉంటాయి. ఎక్కడైనా కోసిన గట్టు గానీ, క్వారీ గానీ దొరికితే ఆ పొరలు ఎటు వాలి ఉన్నాయో చూడండి. కొండ లోపలికి వాలి ఉంటే మంచిది. మీ స్థలం వైపుకే, అంటే కిందికి వాలి ఉంటే జాగ్రత్త అవసరం. మధ్యనున్న మెత్తటి పొర నానితే పైరాయి దాని మీదుగా జారగలదు. అలాంటి చోట పాదంలో మట్టి తవ్వడమంటే పైరాయికి ఉన్న ఆధారం తీసేయడమే. చెట్ల మొదళ్ళు కింద వంగి పైన నిటారుగా లేచినా, నేలలో వాలుకు అడ్డంగా నెర్రెలున్నా మట్టి మెల్లగా కదులుతోందని అర్థం. ఎగువన విడిగా నిలబడి ఉన్న పెద్ద గుండ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

## ప్లాను గీసే దశ

జేసీబీ పెట్టి చదును చేయించి, మామూలు ఇల్లు కట్టుకుంటే పోదా?

రెండు రోజుల్లో చదునైపోతుంది, నిజమే. తర్వాత ఏం జరుగుతుందో చూడండి. వాలులో చదును చేయడమంటే ఎగువ సగం తవ్వి, ఆ మట్టిని దిగువ సగంలో పోయడం. అప్పుడు ఇంటి వెనక సగం గట్టి నేల మీద, ముందు సగం పోసిన మట్టి మీద ఉంటాయి. పోసిన మట్టి రెండు మూడు వానాకాలాల దాకా కుంగుతూనే ఉంటుంది, గట్టి నేల కుంగదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆ వరసలోనే హాలు గోడ మీద ఏటవాలుగా పగులు పడుతుంది. ఎంత సిమెంటు పూసినా మళ్ళీ అక్కడే తెరుచుకుంటుంది.

పైగా వెనకాల నిట్టనిలువుగా కోసిన గట్టు మిగులుతుంది. దాన్ని ఆపడానికి పెద్ద గోడ కావాలి. పైమట్టి పోతుంది కాబట్టి పదేళ్ళు నీళ్ళు పోసినా చెట్లు సరిగా రావు. కొండ మీద జానెడు మందం పైమట్టి ఏర్పడటానికి వందల, వేల ఏళ్ళు పడుతుంది, జేసీబీ బకెట్టుకు అది ఒక్క పూట పని.

అదే ఇంటిని మూడు అంచెలు చేసి, ఒక్కో అంచెకు మూడు నాలుగు అడుగుల తేడా ఇస్తే తవ్వకం చాలా తగ్గుతుంది. ఉన్న చెట్లు నిలుస్తాయి. ప్రతి గది నుంచీ నేల మీదికి నేరుగా అడుగు పెట్టొచ్చు. కొండ మీద ఇంట్లో ఉన్నామన్న సంతోషం నాకు తెలిసి అక్కడే ఉంటుంది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి కొండను చూడటం వేరు, పడగ్గది తలుపు తీయగానే రేల చెట్టు మొదలు చేతికి అందడం వేరు. తప్పనిసరిగా చదును కావాల్సింది కారు నిలిపే చోటు, నీళ్ళ ట్యాంకు లారీ తిరిగే చోటు. జేసీబీని అక్కడికి పరిమితం చేయండి.

సర్వే అంటే హద్దులు కొలవడమేగా? కాంటూరు సర్వే ఎందుకు?

హద్దుల సర్వే పొడవు, వెడల్పు చెప్తుంది. మనకు ఎత్తులు కావాలి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ, అర మీటరు ఎత్తుకు ఒక గీత చొప్పున గీసే కాంటూరు మ్యాపు తీయించండి. ఆ మ్యాపు మీదే పెద్ద చెట్లు మొదలు చుట్టుకొలతతో సహా, కదలని బండలు, నీటి దారులు గుర్తు పెట్టించాలి. సర్వేయరు ఇవి తనంతట తాను పెట్టడు, అడిగి పెట్టించుకోవాలి. కొండ ఇంటి ప్లానులో మొదటి గీత ఆ మ్యాపు మీదే పడాలి.

వాస్తుకు కొండ స్థలం పనికిరాదని మా పెదనాన్న అంటున్నారు. నిజమేనా?

పెదనాన్నగారిని స్థలానికి తీసుకెళ్ళి దిక్కులు చూపించండి. వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగే వరస. నెల్లూరు వైపు ఊళ్ళన్నీ ఆ వరసకు తూర్పు పాదంలో ఉన్నాయి. కాబట్టి మన వైపు స్థలాల్లో చాలావాటికి పడమర ఎత్తు, తూర్పు పల్లం. వాస్తు కోరుకునేదీ అదే.

నమ్మకం సంగతి పక్కన పెట్టి చూసినా ఈ వాలు మంచిదే. పొద్దుటి ఎండ నిండుగా వస్తుంది, సాయంత్రం కొండ చాటు వల్ల పొద్దు తొందరగా వాలి, పడమటి ఎండ దెబ్బ తగ్గుతుంది. కనిగిరి చుట్టుపక్కల లాగా విడి గుట్టలున్న చోట వాలు ఏ దిక్కుకైనా ఉండొచ్చు. అక్కడ వాలు పడమరకు ఉంటే వాస్తు ఎలా ఉన్నా నేను ఇంకో స్థలం చూడమంటాను, మే నెల మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉండలేరు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అంచెల ఇల్లంటే అన్నీ మెట్లేగా?

పెద్దవాళ్ళ పడగ్గది, బాత్రూము, వంటిల్లు, దేవుడి గది, భోజనాల చోటు, కారు ఆగే చోటు అన్నీ ఒకే మట్టంలో పెట్టాలి. ఈ షరతు ముందే చెప్తే ఏ ఆర్కిటెక్టయినా అంచెలను దాని చుట్టూ అమర్చగలడు. పిల్లల గదులు, చుట్టాలొస్తే పడుకునే గది, చదువుకునే చోటు పై అంచెకో కింది అంచెకో పోతాయి. వాకిలి నుంచి ఇంట్లోకి వాలుబాట పెడితే పన్నెండు అడుగులకు ఒకడుగు కంటే ఏటవాలు కాకూడదు. అంచెల మధ్య మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటనివ్వకండి, రెండు వైపులా పట్టుకునే కమ్మీ పెట్టించండి. అరుగు అంచులకు పిట్టగోడ మూడున్నర అడుగులకు తగ్గకూడదు, పిల్లలు ఎక్కి నిలబడే అడ్డ కమ్మీలు వద్దు.

తూర్పంతా లోయ కనిపిస్తుంది. ఆ గోడంతా గాజు పెట్టేద్దామా?

నెల్లూరు వైపు కొండ ఇంటికి ఇదే అన్నిటికంటే పెద్ద చిక్కు. బాగా కనిపించేదీ తూర్పే, తుపాను వాన ఈడ్చి కొట్టేదీ తూర్పు, ఈశాన్యాల నుంచే. ఎదురుగా అడ్డం లేని వాలు మీద ఆ వాన నిలువుగా పడదు, అడ్డంగా వస్తుంది. గోడంతా గాజు పెట్టి ముందు రెండడుగుల సన్‌షేడ్ వేస్తే చట్రాల సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. మార్చి నుంచి పొద్దున ఏడింటికే హాలు కాగడం మొదలవుతుంది.

నా సలహా ఏమిటంటే, తూర్పున ఎనిమిది పదడుగుల లోతున్న వసారా పెట్టండి. కుర్చీలు, ఉయ్యాల బల్ల వేసుకుని రోజులో సగం అక్కడే గడపొచ్చు. గాజు తలుపులు ఆ వసారా వెనక ఉంటే తెరిచినా వాన తగలదు. వసారా నేల బయటికి వాలి ఉండాలి, హాలు కంటే రెండంగుళాలు కిందికి ఉండాలి. ఈశాన్య మూలన మడత తలుపులో, వెదురు తడికెలో పెట్టుకుంటే తుపాను రోజుల్లో మూసుకోవచ్చు.

లోయ మొత్తం ఒకేసారి కనిపించాల్సిన పని లేదు. వంట చేసేటప్పుడు కొండ అంచు ఒక ముక్క, మంచం మీద పడుకుంటే చింతచెట్టు కొమ్మ, మెట్లు దిగేటప్పుడు దూరాన చెరువు మెరుపు కనబడేలా కిటికీలను ఒక్కొక్కటిగా కుదుర్చుకోండి. ప్లాను ఖాయం చేసే ముందు స్థలంలో కుర్చీ వేసుకుని, కూర్చుంటే కళ్ళు ఏ ఎత్తులో ఉంటాయో కొలిచి కిటికీ కింది అంచు ఎత్తు నిర్ణయించండి.

ఎండాకాలం వడగాలి సంగతి? ఏసీ లేకుండా ఉండగలమా?

పగటి వడగాలి పడమర నుంచి వస్తుంది. కాబట్టి పడమటి గోడకు పెద్ద కిటికీలు వద్దు. అటువైపు బాత్రూములు, సామాన్ల గది, మెట్లు పెట్టి ఇంటికి అడ్డుగా వాడుకోండి. రాత్రి కథ వేరు. చెట్లున్న వాలు మీద గాలి చల్లబడి మెల్లగా కిందికి దిగుతుంది. పడమటి గోడలో పైఎత్తున చిన్న కిటికీలు పెట్టి, పగలు మూసి రాత్రి తెరిస్తే ఆ గాలి ఇంట్లోంచి తూర్పుకు సాగిపోతుంది. ఎగువన చెట్లు లేని వట్టి బండ ఉంటే మాత్రం అది రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, అక్కడ చెట్లు పెంచడమే మందు. ఏప్రిల్, మేలో ఒక పడగ్గదికి ఏసీ పెట్టుకోండి, అందులో తప్పేం లేదు.

ఇంటి వెనక గోడను కొండ గట్టుకు ఆనించొద్దు. చల్లగా ఉంటుందని కొందరు అడుగుతారు గానీ చెమ్మ పట్టి గోడ పాడవుతుంది. మూడడుగుల సందు వదలండి, మనిషి వెళ్ళి ఊడ్చేంత.

## పునాది, గోడలు, కాలువలు

రెండడుగులకే బండ తగిలింది. ఇక పునాదికి ఖర్చు లేనట్టేగా?

అది బండో, మట్టిలో కూరుకున్న గుండో ముందు తేల్చుకోండి. గడ్డపారతో కొడితే రెండూ ఖంగుమంటాయి. చుట్టూ తవ్వి అంచులు ఎక్కడిదాకా పోతున్నాయో చూడాలి, కింద మట్టి కనిపిస్తే అది గుండే. ఇంటి నాలుగు మూలలా, మధ్యలో పరీక్ష గుంటలు తీయించి ఇంజనీరుకు చూపించండి. నిజమైన బండ అయితే దాన్ని మట్టంగా మెట్లు కొట్టి, కడ్డీలు దించి పునాది కట్టాలి. వాలు బండ మీద నేరుగా కాంక్రీటు పోయకూడదు. పునాది అడుగు అంచు నుంచి బయటి వాలుకు అడ్డంగా కనీసం 60 సెంటీమీటర్లు బండలో, 90 సెంటీమీటర్లు మట్టిలో ఉండాలని భారతీయ ప్రమాణం చెప్తుంది. ఇది కనీస హద్దు మాత్రమే.

మట్టి జారకుండా ఆపే రక్షణ గోడను (రిటైనింగ్ వాల్) మేస్త్రి రాయితోనే కట్టేస్తానంటున్నాడు. చాలా?

నాలుగడుగుల దాకా మంచి రాతి కట్టు చాలు, సిమెంటు లేని ఉత్త రాతి కట్టయితే ఇంకా మేలు. మన పాత పొలం గట్లు అలాంటివే. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పోతాయి కాబట్టి అవి ఏళ్ళ తరబడి నిలబడ్డాయి. గోడ కింది భాగం వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు, గోడ కొండ వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. అంతకంటే ఎత్తయితే ఇంజనీరు లెక్క కట్టాలి. ఎనిమిదడుగుల గోడ ఒకటి కట్టే బదులు నాలుగడుగులవి రెండు కట్టి మధ్యలో చెట్లు వేసుకోవడం చాలా చోట్ల కుదురుతుంది. పై గోడ భారం కింది గోడ మీద పడనంత దూరం వదలాలి.

గోడను పడగొట్టేది మట్టి కంటే మట్టిలో నిలిచిన నీళ్ళే. రెండు మీటర్ల గోడ వెనక నీళ్ళు నిండితే ఒక్క నీళ్ళ తోపుడే మీటరు పొడవుకు రెండు టన్నులు. అందుకని సిమెంటు గోడ అయితే మూడంగుళాల గొట్టాలు, అయిదడుగులకొకటి, ఒక వరస తప్పించి ఒక వరస పెట్టించండి. గోడ వెనక అడుగు మందాన కంకర నింపి, కంకరకూ మట్టికీ మధ్య నీళ్ళను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. గొట్టాలు పెట్టి వెనక కంకర వేయకపోతే రెండేళ్ళకు మట్టితో మూసుకుపోతాయి. ఇది మీరు దగ్గరుండి చూసుకోవాల్సిన పని, గోడ లేచాక వెనక ఏముందో ఎవరికీ కనిపించదు.

ఎగువ నుంచి వాన నీళ్ళు ఇంటి మీదికి వస్తాయేమో?

వస్తాయి. ఇంటికి ఎగువన వాలుకు అడ్డంగా, కొద్దిపాటి దిగుడుతో ఒక కాలువ తీసి, ఇంటిని చుట్టి రెండు పక్కలకూ నీళ్ళు మళ్ళించాలి. కాలువ అడుగున రాళ్ళు పరవండి, మట్టి కోసుకుపోకుండా. అది వెళ్ళి కలిసేది పాత వంకలోనే కావాలి, పక్కవాళ్ళ చేలోకి వదలడం గొడవే కాకుండా చట్టరీత్యా తప్పు కూడా. సహజమైన వంకను పూడ్చడం, గొట్టంలో పెట్టి ఇంటి కింద నుంచి పంపడం వద్దే వద్దు. వంక మీదుగా చిన్న వంతెన వేసుకుని రెండు ముక్కల ఇల్లు కట్టుకున్నా అందంగానే ఉంటుంది.

స్తంభాల మీద లేపి కట్టేస్తే కొండను తవ్వే పనే ఉండదు కదా?

మంచి ఆలోచనే, ఒక్క జాగ్రత్తతో. వాలులో కొండ వైపు స్తంభం మూడడుగులుంటే లోయ వైపుది పన్నెండు ఉంటుంది. భూమి ఊగినప్పుడు పొడుగు స్తంభాలు కాస్త వంగి సర్దుకుంటాయి. పొట్టివి బిర్రుగా ఉండి బలమంతా మీదేసుకుని ముందు పగులుతాయి. మనకు భూకంపాలేం రావులే అనుకోవద్దు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర గట్టి భూకంపమే వచ్చింది, 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు వైపు జనం ఇళ్ళలోంచి బయటికి పరుగులు తీశారు. కొండ వైపు స్తంభాల గుంటలు లోతుగా తీసి పొడవు తేడా తగ్గించడం, అడ్డ గోడలు వేయడం ఇంజనీరు చేయాల్సిన పని. ఇంటి కింద ఖాళీ చోటును తర్వాత ఇటుకలతో సగం దాకా మూసి గది చేయొద్దు, అది కూడా స్తంభాన్ని పొట్టిది చేస్తుంది.

కొండ మీద గాలి ఎక్కువంటారు. పైకప్పు ఆగుతుందా?

వాలు మూడు డిగ్రీలు దాటిన కొండ మీద గాలి వేగాన్ని చోటును బట్టి 1.36 రెట్ల దాకా పెంచి లెక్క కట్టాలని భారతీయ గాలి ప్రమాణంలో ఉంది. శిఖరానికి దగ్గరయ్యేకొద్దీ ఆ పెంపు ఎక్కువ. ఊళ్ళో ఇంటికి వేసిన డిజైనునే తెచ్చి కొండ మీద వాడకండి. రేకులు వేస్తే వాటిని బిగించే జె-బోల్టులు దగ్గర దగ్గరగా, అంచుల్లో ఇంకా దగ్గరగా ఉండాలి.

పని ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

సంక్రాంతి వెళ్ళాక. తవ్వకం, పునాది, రక్షణ గోడలు, ఎగువ కాలువ సెప్టెంబరు లోపు పూర్తవ్వాలి. తవ్వి వదిలేసిన గట్టు మీద అక్టోబరు వాన పడకూడదు.

## రాయి, పైకప్పు, కరెంటు

చీమకుర్తి గ్రానైటు వేయాలా, మార్కాపురం పలక వేయాలా?

రెండూ మన రాళ్ళే, వాటి చోట్లు వేరు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ వంటింటి బల్లకు, కిటికీ అడుగులకు బాగుంటుంది. నునుపు పెట్టిన నల్లరాయిని ఆరుబయట పరిస్తే మేలో కాలు పెట్టలేం, వానలో జారుతుంది. మార్కాపురం పలక పొరలుగా చీలిన ముఖం గరుకుగా ఉంటుంది కాబట్టి వసారాకు, నీడలో ఉండే మెట్లకు సరైనది. బూడిద, ఆకుపచ్చ, తుప్పు రంగులు కలిసిన ముక్కలు తీసుకుంటే కొండ రంగులో కలిసిపోతుంది. పలక వేళ్ళతో గిచ్చితే పొర లేస్తుంటే తీసుకోకండి. పునాది పైకట్టుకు మాత్రం మీ పునాది తవ్వకంలో వచ్చిన రాయినే వాడండి. అది ఆ నేలదే కాబట్టి ఇల్లు అక్కడే పుట్టినట్టు ఉంటుంది, లారీ ఖర్చూ మిగులుతుంది. తలుపుల మీద చెక్కపని కావాలంటే ఉదయగిరి చెక్క గరిటెల పనివాళ్ళను అడగండి, చేతి నైపుణ్యానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరది.

పెంకుటిల్లు చల్లగా ఉంటుందంటారు. మిద్దె మానేద్దామా?

కొండ దగ్గర కోతులున్నాయి. విడి పెంకులను ఒక్క నెలలో చిందరవందర చేస్తాయి. వాలు స్లాబు పోసి దాని మీద బెంగుళూరు పెంకు సిమెంటుతో కూర్చితే కోతుల బాధ ఉండదు, తుపానుకు ఎగరదు, వేడీ తగ్గుతుంది. కిటికీలకు రెండంగుళాల సందు మించని గ్రిల్లు పెట్టించండి.

ఉరుములు, మెరుపుల సంగతి?

పిడుగు కడ్డీ తప్పనిసరి. రాతి నేలలో మామూలు ఎర్తింగు సరిగా పట్టదు, మట్టి లోతుగా ఉన్న చోట వెతికి వేయించి, రెసిస్టెన్సు కొలిపించండి.

## నీళ్ళు, మురుగు

బోరు వేసుకుంటాం కదా, వాన నీళ్ళ ట్యాంకు ఎందుకు?

బోరుకు నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, కొండ రాతిలో నీరు పడుతుందన్న భరోసా లేదు. పడినా కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడు బాధ మీకు తెలిసిందే. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. బోరు పడగానే నీళ్ళు పరీక్ష చేయించండి, కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా ఏడున్నర వేల లీటర్లు పట్టుకోవచ్చు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఎనిమిది లీటర్ల చొప్పున అయిదుగురికి ఏడాదికి 14,600 లీటర్లు చాలు. అంటే రెండు మంచి తుపాను వానలతో ఏడాది వంట నీళ్ళు వచ్చేసినట్టే. పదిహేను వేల లీటర్ల ట్యాంకును వంటిల్లు కంటే పై అంచెలో, ఎగువ గది పైకప్పు నీళ్ళు పట్టేలా పెడితే మోటారు లేకుండానే వంటింటి కొళాయికి దిగుతాయి. వాలు ఇచ్చే ఈ సౌకర్యం చదును నేలలో దొరకదు. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలే గొట్టం, వడపోత, వెలుతురు చొరబడని మూత ఉండాలి.

రాతి నేలలో సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకడం లేదు. ఏం చేయాలి?

ఇంకుడు గుంట రాతిలో పనిచేయదు, నీళ్ళు పక్కనుంచి ఊటగా దిగువన బయటపడతాయి. సెప్టిక్ ట్యాంకు దాటాక వచ్చే నీళ్ళను కంకర మడిలోకి వదిలి మెట్టతామర, అరటి పెంచండి. ఇవన్నీ తాగే నీళ్ళ బోరుకు దిగువన, కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. దిగువన ఇంకొకరి బావి ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

## చెట్లు, జంతువులు

స్థలంలో ఎర్రచందనం మొక్కలున్నాయి. కొట్టేయొచ్చా?

మీ పట్టా భూమిలో ఉన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, తరలించకూడదు. ఎర్రచందనం ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల చుట్టుపక్కలే. ఇంటిని పక్కకు జరపండి.

ల్యాండ్‌స్కేపింగ్‌కి లాన్, బోగన్‌విల్లా వేయిద్దామా?

వాలులో లాన్‌కు పోసిన నీళ్ళు నిలవవు. ఉన్న కలివి, బలుసు పొదలను ముందు కాపాడండి, పని మొదలవకముందే వాటి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టండి. లేకపోతే ఇసుక, కంకర కుప్పలు వాటి మీదే పడతాయి. ఆ పైన రేల, మోదుగ, నేరేడు, ఉసిరి, సీతాఫలం, కానుగ, వేప వేసుకోండి. తవ్వకంలో తీసిన పైమట్టిని విడిగా కుప్ప పోయించి తర్వాత ఈ మొక్కల పాదుల్లో వాడాలి.

మట్టి కోతకు వట్టివేరు మంచి మందు. కాంటూరు వెంట వరసగా, జానెడుకొక పిలక చొప్పున నాటితే వేళ్ళు నిలువుగా రెండు మూడు మీటర్లు దిగి మట్టిని పట్టుకుంటాయి. జూన్, జులై చిరుజల్లులకు నాటి కాస్త నీళ్ళు పోస్తే నవంబరు వానలకు నిలదొక్కుకుంటుంది. పెద్ద చెట్లు ఇంటి గోడకు పదిహేను అడుగుల లోపల వేయకండి.

పాములు, ఎలుగుబంట్లు, అడవి పందులు వస్తాయని భయంగా ఉంది.

వస్తాయి, అది వాటి దారి. పాములు ఎలుకల కోసం, రాళ్ళ సందుల కోసం వస్తాయి. కట్టెల మోపులు, మిగిలిన ఇటుకలు, రాళ్ళ కుప్పలు ఇంటికి దూరంగా పెట్టండి. ఇంటి చుట్టూ నాలుగడుగుల పలక బాట వేసి రాత్రి వెలుతురు నేల మీద మాత్రమే పడేలా లైట్లు పెట్టండి. తలుపు కింద సందు మూయాలి. పాము కాటుకు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో గృహప్రవేశం కంటే ముందే తెలుసుకోండి.

అడవి వైపు పండ్లు, మిగిలిన అన్నం పారేయకపోతే ఎలుగులు, పందులు అలవాటు పడవు. కంచె కావాలంటే అనుమతి ఉన్న సోలార్ కంచె పెట్టండి. కరెంటు తీగ నేరుగా లాగడం నేరం, మనుషులూ చనిపోతున్నారు. స్థలం చుట్టూ పూర్తిగా ప్రహరీ కట్టకుండా, ఇంటి చుట్టూ పెరడు వరకే కట్టి మిగతాది వదిలితే జంతువుల బాట మూసుకుపోదు.

ఎండాకాలం కొండ అంటుకుంటుంది. ఇంటిదాకా వస్తే?

ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఇంటి చుట్టూ ముప్పై అడుగుల మేర ఎండుగడ్డి కోయించండి. మంట వాలు పైకి వేగంగా పాకుతుంది కాబట్టి దిగువ వైపు ఇంకా ఎక్కువ కోయాలి. పైకప్పు కాలువల్లో ఎండాకులు తీయించండి. దిగువ అంచెలో ఒక కొళాయి, పొడుగు పైపు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

## ఖర్చు, నిర్వహణ

ఊళ్ళో ఇంటితో పోలిస్తే ఖర్చెంత ఎక్కువ?

గోడలు, స్లాబు, తలుపులకు పెద్ద తేడా ఉండదు. తేడా అంతా నేల మట్టానికి కింద, రక్షణ గోడల్లో, కాలువల్లో, దారిలో ఉంటుంది. దారిని ముందే చూసుకోండి. ఎనిమిదడుగులకు ఒకడుగు కంటే ఏటవాలైతే లోడు లారీ ఎక్కలేక, ఇసుకా సిమెంటూ ట్రాక్టర్లలోకి మార్చి తేవాలి, ఆ కూలీ బిల్లు ఇల్లు పూర్తయ్యేదాకా వస్తూనే ఉంటుంది. డబ్బు తక్కువైతే ఒక గది తగ్గించండి, మేడ మీద గది తర్వాత వేసుకోండి. కాలువ, గోడ వెనక కంకర, ఇంజనీరు ఫీజు మాత్రం తగ్గించొద్దు.

ఇల్లయ్యాక ఏటా ఏం చూసుకోవాలి?

సెప్టెంబరులో ఒక రోజు కేటాయించండి. ఎగువ కాలువలో ఆకులు, మట్టి తీయించి, పై నుంచి రెండు డ్రమ్ముల నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో నడుస్తూ చూడండి. రక్షణ గోడ గొట్టాల్లో కడ్డీ దూర్చి మట్టి తీయండి. గోడ ఉబ్బిందేమో తాడు లాగి చూసి, పాత పగుళ్ళ చివర్లలో పెన్సిలుతో తేదీ వేయండి, పెరుగుతోందో లేదో మరుసటి ఏడు తెలుస్తుంది. పెద్ద వాన తగ్గాక గోడ గొట్టాల్లోంచి నీళ్ళు కారడం మంచి గుర్తు. అంత వాన పడ్డా ఒక గొట్టంలోంచి చుక్క రాకపోతే, లేదా బురదనీళ్ళు వస్తుంటే వెంటనే ఇంజనీరును పిలవండి.